కోడ్ అదే, సర్వర్ వేరు: తేడాను వెతికే పద్ధతి

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు చిన్న వ్యాపారాలకూ కాలేజీలకూ నర్సింగ్ హోములకూ పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాములు చాలావరకు ఒకే దారిన వస్తాయి. ముందు ఆఫీసులోని విండోస్ కంప్యూటర్ మీద, అపాచీ (వెబ్ సర్వర్), మరియాడీబీ (డేటాబేస్), పీహెచ్‌పీ మూడింటినీ ఒక్కసారిగా ఇన్‌స్టాల్ చేసే జాంప్ ప్యాకేజీలో తయారవుతాయి. కొన్నాళ్లు అక్కడే నడుస్తాయి. లెక్కలు ఫోన్‌లో కూడా చూసుకోవాలని యజమాని అడిగినప్పుడు, అద్దెకు తీసుకున్న లినక్స్ హోస్టింగ్‌కు ఎక్కుతాయి. ఆ తర్వాత ఫిర్యాదులు మొదలవుతాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా ఒక పేజీ తెల్లగా వస్తుంది, ఒక రసీదు మీద తేదీ తప్పుగా పడుతుంది, ఒక పట్టికలో చివరి వరుసలు ఖాళీగా కనిపిస్తాయి. ఇలాంటి ప్రోగ్రాములను సరిచేయడమే నా పని కాబట్టి, ఈ తేడాలు ఎక్కడ పుడతాయో, వాటిని ఎలా పట్టుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ఇటువంటి ఫిర్యాదు రాగానే కోడ్‌లో చేయి పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నడుస్తున్న సర్వర్ మీద అక్కడో లైను ఇక్కడో లైను మార్చుకుంటూ పోతే, అసలు కారణం దొరకకముందే దాని మీద కొత్త మార్పులు పేరుకుపోతాయి. చివరికి ఆఫీసు కాపీ, సర్వర్ కాపీ రెండు వేర్వేరు ప్రోగ్రాములవుతాయి. "మా ఆఫీసులో బాగానే నడుస్తోంది" అన్న మాటను చాలామంది సాకుగా కొట్టిపారేస్తారు గానీ, నా దృష్టిలో అది చేతికి దొరికిన మొదటి ఆధారం. ఒక పరిస్థితిలో ప్రోగ్రాము సరిగా నడుస్తోందని దానివల్ల తెలుస్తుంది. ఇక వెతకవలసింది ఆ పరిస్థితికీ ఈ పరిస్థితికీ మధ్య ఉన్న తేడాలనే.

మొదట గమనించవలసింది, పీహెచ్‌పీని వెబ్ సర్వర్ ఏ విధంగా నడుపుతోందన్న విషయం. జాంప్‌లో పీహెచ్‌పీ అపాచీలోనే ఒక మాడ్యూల్‌గా కూర్చుంటుంది. హోస్టింగ్‌లలో సాధారణంగా అది ఎఫ్‌పీఎం అనే వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది. 2010లో వచ్చిన 5.3.3 వెర్షన్ నుంచి ఎఫ్‌పీఎం పీహెచ్‌పీతో పాటే వస్తోంది. కొన్నిచోట్ల లైట్‌స్పీడ్ సర్వర్ తన సొంత పద్ధతిలో నడుపుతుంది. టెర్మినల్‌లోనో, చెప్పిన వేళకు స్క్రిప్ట్‌లను తనంతట తానే నడిపే క్రాన్‌లోనో నడిపితే అది సీఎల్‌ఐ (కమాండ్ లైన్ పద్ధతి). ఈ పద్ధతినే సాపీ అంటారు. ఇప్పుడు ఏ పద్ధతి నడుస్తోందో పీహెచ్‌పీ_సాపీ_నేమ్ అనే ఫంక్షన్ ఒక్క మాటలో చెబుతుంది. ఆ ఒక్క మాట తెలిస్తే సగం ప్రశ్నలకు దారి దొరుకుతుంది, ఎందుకంటే ఏ సెట్టింగుల ఫైలు చదవాలి, ఏ హెడర్లు (బ్రౌజర్ గానీ యాప్ గానీ అభ్యర్థనతో పాటు పంపే వివరాలు) స్క్రిప్ట్‌కు చేరాలి, ఏ ఫోల్డర్‌ను ప్రస్తుత ఫోల్డర్‌గా భావించాలి అనేవన్నీ దాన్ని బట్టే మారతాయి.

ఆదోనిలో పత్తి కొనుగోళ్లు చేయించే ఒక కమీషన్ మండీ ప్రోగ్రామును ఉదాహరణగా తీసుకుంటాను. సీజన్‌లో వారం రోజుల లాట్లన్నీ ఒకే పేజీలో నింపి, చివర ఒకసారి సేవ్ చేసేలా దాన్ని రాశారు. ఒక్కో వరుసలో ఏడు గడులు: రైతు పేరు, ఊరు, సంచులు, తూకం, ధర, కొన్న వ్యాపారి, ఫోన్ నంబరు. ఆఫీసు కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి నడిచిన ఆ పేజీ సర్వర్‌కు ఎక్కాక ఇబ్బంది పెట్టసాగింది. అక్కడి గుమాస్తా ఫోన్ చేసి, "అన్నా, ఆఫీసు సిస్టంలో కొట్టినప్పుడు అన్నీ సరిగ్గా పడతాండె. ఇప్పుడు కింద ఒక లాటుకు రేటు సున్నా చూపిస్తాండాది, ఆ కిందివి ల్యావు" అన్నాడు. లాట్లు తక్కువగా ఉన్న వారాల్లో ఏ ఇబ్బందీ లేదట. ఆ చివరి మాట చాలా విలువైనది. పరిమాణం పెరిగినప్పుడే వచ్చే తప్పు సాధారణంగా ఏదో ఒక పరిమితిని తాకి వస్తుంది.

డేటాబేస్‌లో చూస్తే 142వ వరుస వరకు అన్నీ సక్రమంగా ఉన్నాయి. 143వ వరుసలో పేరు, ఊరు, సంచులు, తూకం ఉన్నాయి. ధర సున్నా, వ్యాపారి, ఫోన్ ఖాళీ. ఆ తర్వాతి వరుసలు అసలే లేవు. ఇక్కడ లెక్క వేసి చూడాలి. 142 వరుసలను ఏడుతో గుణిస్తే 994. దానికి 143వ వరుసలోని నాలుగు గడులు కలిపితే 998. ఫారం పైభాగంలో తేదీ, భద్రతా టోకెన్ అనే రెండు విలువలు ముందుగానే వెళ్తున్నాయి కాబట్టి మొత్తం సరిగ్గా 1000. పీహెచ్‌పీలో మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ అనే సెట్టింగు ఉంది. ఒక ఫారం నుంచి ఎన్ని విలువలు తీసుకోవాలో అది నిర్ణయిస్తుంది. చెప్పకపోతే దాని విలువ 1000. దాన్ని 2012లో 5.3.9 వెర్షన్‌లో ప్రవేశపెట్టారు. లక్షల విలువలు పంపి సర్వర్‌ను స్తంభింపజేసే దాడిని ఆపడం దాని ఉద్దేశం. పరిమితి దాటిన విలువలను పీహెచ్‌పీ వదిలేసి, లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, మిగిలిన స్క్రిప్ట్‌ను మామూలుగా నడిపిస్తుంది. అందిన దాన్నే పూర్తి సమాచారం అనుకుని కోడ్ సేవ్ చేసింది. అందని ధరను సున్నాగా తీసుకుంది. హెచ్చరిక ఎర్రర్ లాగ్‌లో స్పష్టంగానే ఉంది. లాగ్ తెరిచి చూసినవారే లేరు.

మరి ఆఫీసులో ఎందుకు నడిచింది? అక్కడి పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ అనే సెట్టింగుల ఫైలులో ఎవరో ఎప్పుడో ఆ విలువను 5000కు పెంచారు. ఆ మార్పు ప్రోగ్రాము ఫోల్డర్‌లో లేదు, జాంప్ ఫోల్డర్‌లో ఉంది. ప్రోగ్రామును జిప్ చేసి సర్వర్‌కు పంపినప్పుడు అది వెంట రాలేదు. నేను చూసిన తేడాల్లో అధికభాగం ఈ కోవకే చెందుతాయి. ప్రోగ్రాము సరిగా నడవడానికి అవసరమైన ఏర్పాటు కోడ్ బయట ఎక్కడో ఉండి, అలాంటిది ఒకటి ఉందన్న సంగతి ఎక్కడా రాసి ఉండదు.

దీన్ని సరిచేసేటప్పుడు కూడా సర్వర్ తేడా మళ్లీ ఎదురవుతుంది. స్క్రిప్ట్ మొదట్లో, కోడ్ నుంచే సెట్టింగు మార్చే ఐఎన్‌ఐ_సెట్ రాస్తే ఈ సెట్టింగుకు పనిచేయదు, ఎందుకంటే స్క్రిప్ట్ మొదలయ్యే సమయానికే ఫారం విలువలు చదవడం పూర్తయిపోతుంది. పాత సలహా ప్రకారం, ఫోల్డర్‌లో పెట్టే అపాచీ సెట్టింగుల ఫైలైన డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో పీహెచ్‌పీ_వాల్యూ అని రాస్తే, అది అపాచీ మాడ్యూల్‌కు మాత్రమే అర్థమయ్యే ఆదేశం కాబట్టి, ఎఫ్‌పీఎం ఉన్నచోట సైటు మొత్తం 500 ఎర్రర్‌తో ఆగిపోతుంది. ఎఫ్‌పీఎంలోనూ, దానిలాగే పీహెచ్‌పీని విడి ప్రాసెస్‌గా నడిపే సీజీఐలోనూ డాట్ యూజర్.ఐఎన్‌ఐ అనే ఫైలులో ఆ విలువ రాయాలి. రాసిన వెంటనే ఫలితం కనిపించకపోవచ్చు. పీహెచ్‌పీ ఆ ఫైలును మామూలుగా 300 సెకన్లకు ఒకసారే మళ్లీ చదువుతుంది. ఈ అయిదు నిమిషాల సంగతి తెలియక, సరైన మార్పు చేసి కూడా పనిచేయలేదనుకుని తీసేసేవారు ఉన్నారు. అయితే పరిమితి పెంచడం తాత్కాలిక ఉపశమనమే. డబ్బు లెక్కలు ఉన్న ఫారంలో, బ్రౌజర్ ఎన్ని వరుసలు పంపిందో ఆ సంఖ్యను ఫారం మొదట్లోనే పంపించి, సర్వర్‌కు చేరిన వరుసలతో సరిపోల్చి, తేడా ఉంటే సేవ్ చేయడానికి నిరాకరించడం తప్పనిసరి అని నేను భావిస్తాను. ఒక రైతు పత్తికి ధర సున్నా అని రాసిన రికార్డు కన్నా, సేవ్ కాలేదని చెప్పే పేజీ ఎంతో మేలు.

డాట్ హెచ్‌టీయాక్సెస్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అంతకన్నా ప్రమాదకరమైన విషయం ఒకటి చెప్పాలి. అపాచీకి బదులుగా వాడే ఎంజిన్ఎక్స్ వెబ్ సర్వర్ ఆ ఫైలును చదవదు. ఎర్రర్ ఇవ్వదు, హెచ్చరించదు. ఆ ఫైలు ద్వారా పొట్టిగా, చక్కగా మార్చుకున్న పేజీ అడ్రసులు పనిచేయకపోతే వెంటనే తెలిసిపోతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. కానీ బ్యాకప్ ఫోల్డర్‌ను బయటివాళ్లు తెరవకుండా ఆ ఫైలు ద్వారానే కాపలా పెట్టి ఉంటే, ఎంజిన్ఎక్స్‌కు మారిన రోజున ఆ కాపలా తొలగిపోయిందని ఎవరికీ తెలియదు. రైతుల పేర్లు, ఫోన్లు, బకాయిలు ఉన్న డేటాబేస్ కాపీని అడ్రసు తెలిసిన ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అందుకే సర్వర్ మార్చిన వెంటనే, లాగిన్ కాని బ్రౌజర్‌లో అలాంటి ఫైళ్ల అడ్రసులను స్వయంగా తెరిచి చూడాలి. వెబ్‌కు అందే ఫోల్డర్‌కు బయట వాటిని పెట్టడమే శాశ్వత పరిష్కారం. అప్పుడు ఏ సర్వర్ వచ్చినా భయం ఉండదు.

హెడర్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మొబైల్ యాప్ లాగిన్ వివరాలతో పంపే ఆథరైజేషన్ హెడర్ అపాచీ మాడ్యూల్‌లో స్క్రిప్ట్‌కు చేరుతుంది. అదే అపాచీ వెనుక ఎఫ్‌పీఎం ఉంటే మామూలుగా చేరదు. పాస్‌వర్డ్ సరైనదే అయినా లాగిన్ కావడం లేదన్న ఫిర్యాదు వస్తుంది. అపాచీ 2.4.13 నుంచి సీజీఐపాస్‌ఆథ్ అనే ఆదేశం దీనికోసమే ఉంది.

కాలం విషయంలో నేను చూసిన తికమక ఇంకెక్కడా చూడలేదు. రసీదుల మీద తెల్లవారుజామున నిన్నటి తేదీ పడుతోందంటే, పీహెచ్‌పీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. మన సమయం యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ఉదయం అయిదున్నర దాటేవరకు దాని దృష్టిలో ఇంకా నిన్నే. టైమ్‌జోన్ చెప్పకపోతే పీహెచ్‌పీ యూటీసీనే తీసుకుంటుంది. జాంప్ మాత్రం తన ఐఎన్‌ఐ ఫైలులో యూరప్/బెర్లిన్ అని రాసుకుని వస్తుంది. అంటే ఆఫీసులో కూడా సమయం సరిగా ఉండదు. మన కన్నా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. ఆ గంటల్లో ఎవరూ రసీదు కొట్టరు కాబట్టి అది బయటపడకపోవచ్చు. దీనికి తోడు డేటాబేస్‌కు సొంత గడియారం ఉంటుంది. నౌ అనే ఎస్‌క్యూఎల్ ఫంక్షన్ మామూలుగా ఆపరేటింగ్ సిస్టం సమయాన్ని ఇస్తుంది. ఆఫీసులో ఆ సమయం భారతదేశానిది, సర్వర్‌లో చాలావరకు యూటీసీ. ఒకే స్క్రిప్ట్‌లో ఒక తేదీని పీహెచ్‌పీ నుంచి, మరొక తేదీని డేటాబేస్ నుంచి తీసుకుంటే, రెండింటి మధ్య తేడా ఒకచోట ఒకలా, ఇంకొకచోట మరొకలా ఉంటుంది. ప్రోగ్రాము మొదటి లైన్లలోనే పీహెచ్‌పీకి ఏషియా/కోల్‌కతా అని, డేటాబేస్ కనెక్షన్ తెరిచిన వెంటనే దానికి +05:30 అని చెప్పేస్తే ఈ సమస్య ఏ సర్వర్‌లోనూ తలెత్తదు. డేటాబేస్‌కు ఊరిపేరుతో కాక అంకెలతో చెప్పడానికి కారణం ఉంది: ఊరిపేర్ల పట్టికలను సర్వర్ వాళ్లు లోడ్ చేయకపోతే ఆ పేరు దానికి తెలియదు.

ఇక మన భాషకు సంబంధించినది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ పాయింట్ (కంప్యూటర్ విడిగా లెక్కించే ఒక్కో అక్షరం లేదా గుర్తు) ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఎమ్మిగనూరు అన్న పేరులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు కలిపి పది కోడ్ పాయింట్లు, అంటే 30 బైట్లు. రసీదు మీద చోటు చాలదని ఊరిపేరును సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌తో 20 దగ్గర కత్తిరించిన కోడ్ ఒకటి చూశాను. సబ్‌స్ట్ర్ లెక్కించేది బైట్లను. మొదటి 18 బైట్లకు "ఎమ్మిగ" పూర్తవుతుంది. మిగిలిన రెండు బైట్లు "న" అక్షరంలో మూడింట రెండు వంతులు. అక్కడ అక్షరం చీలిపోతుంది. ఆఫీసులో ఇది జరగలేదు, ఎందుకంటే అక్కడి పాత పీహెచ్‌పీలో ఎంబీస్ట్రింగ్.ఫంక్_ఓవర్‌లోడ్ అనే సెట్టింగు పెట్టి ఉంది. అది సబ్‌స్ట్ర్‌ను నిశ్శబ్దంగా కోడ్ పాయింట్లు లెక్కించే ఫంక్షన్‌గా మార్చేస్తుంది. ఆ సెట్టింగును పీహెచ్‌పీ 8.0లో పూర్తిగా తొలగించారు.

చీలిన అక్షరం ఆ తర్వాత ఎలా కనిపిస్తుందన్నది మళ్లీ వెర్షన్‌ను బట్టి మారుతుంది. మాటను పేజీలో సురక్షితంగా చూపించడానికి వాడే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ 8.0 వరకు, ఇచ్చిన మాటలో ఒక్క బైటు చెడినా మొత్తం ఖాళీగా తిరిగి ఇచ్చేది. రసీదు మీద ఊరిపేరే ఉండదు. 8.1 నుంచి చెడిన చోట మాత్రం నల్లని డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తుంది. యాప్‌కు పంపే రూపంలోకి డేటాను మార్చే జేసన్_ఎన్‌కోడ్‌కు ఆ మాటను అందిస్తే అది విఫలమై ఫాల్స్ ఇస్తుంది, యాప్‌లో జాబితా మొత్తం ఖాళీ అవుతుంది. ఒకే కారణం మూడు రూపాల్లో కనిపించడం వల్ల మూడు వేర్వేరు తప్పులని భ్రమపడే అవకాశం ఉంది. కోడ్ పాయింట్లను లెక్కించే ఎంబీ_సబ్‌స్ట్ర్ వాడితే బైట్ల చీలిక పోతుంది. కానీ దానికి ఎంబీస్ట్రింగ్ ఎక్స్‌టెన్షన్ సర్వర్‌లో ఉండాలి. అది పీహెచ్‌పీలో తప్పనిసరి భాగం కాదు. పైగా అది కూడా "ఎమ్మి"ని "ఎమ్" దగ్గర కోయగలదు. తెలుగు పేర్లను కోడ్‌తో కత్తిరించడమే మానుకుని, పొడవు తగ్గించే పనిని పేజీ డిజైన్‌కు వదిలేయమని నా సలహా.

ఫైలు పేర్ల సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విండోస్‌కు ఇంగ్లీషు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే, లినక్స్‌కు వేరు. ఎస్‌క్యూఎల్ పట్టికల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. అంతగా తెలియని విషయం ఇంకొకటి ఉంది: ఒక ఫోల్డర్‌లోని ఫైళ్లను రీడ్‌డిర్‌తో చదివితే విండోస్ డిస్కు మీద పేర్ల వరుసలో వస్తాయి, లినక్స్‌లో అలాంటి హామీ లేదు. రోజువారీ ఫైళ్లను చేర్చి నెల నివేదిక తయారుచేసే కోడ్‌లో తేదీలు కలగాపులగం అయితే, అక్కడ ఒక సార్ట్ లైను చేర్చాలి.

కొన్నిసార్లు ఆఫీసు కాపీదే తప్పు, సర్వర్‌దే ఒప్పు అవుతుంది. పీహెచ్‌పీ 7 రాకముందు, 64 బిట్ల విండోస్‌లో కూడా పూర్ణాంకం 32 బిట్లే ఉండేది. దాని గరిష్ఠ విలువ 2147483647. మన మొబైల్ నంబర్లు పది అంకెలతో, ఆరుకు తక్కువ కాని అంకెతో మొదలవుతాయి కాబట్టి అన్నీ ఆ పరిమితిని దాటినవే. అలాంటి నంబరును పూర్ణాంకంగా మార్చిన పాత కోడ్, విండోస్‌లో రైతులందరికీ 2147483647 అన్న ఒకే ఫోన్ నంబరును నమోదు చేస్తుంది. 64 బిట్ల లినక్స్‌లో అదే కోడ్ సరైన నంబరు ఇస్తుంది. అందువల్ల రెండు చోట్లా ఫలితాలను పోల్చేటప్పుడు ఆఫీసు ఫలితమే ప్రమాణమని ముందే అనుకోకూడదు. ఫోన్ నంబరుతో కూడికలు, తీసివేతలు చేయం కదా. దాన్ని అక్షరాలుగానే దాచాలి.

ఒక స్క్రిప్ట్ ఎంతసేపు నడవవచ్చన్న సమయ పరిమితి లెక్క కూడా రెండు చోట్లా ఒకటి కాదు. 30 సెకన్ల పరిమితిని విండోస్ గడియారం ప్రకారం కొలుస్తుంది. లినక్స్‌లో డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసిన సమయం అందులోకి రాదు. అయినా సర్వర్‌లోనే నివేదిక మధ్యలో ఆగి 504 ఎర్రర్ (జవాబు సమయానికి రాలేదని అర్థం) వస్తోందంటే, ఆపినది పీహెచ్‌పీ కాదు, దాని ముందున్న ఎంజిన్ఎక్స్. అది పీహెచ్‌పీ జవాబు కోసం మామూలుగా 60 సెకన్లకు మించి ఎదురుచూడదు. పీహెచ్‌పీ పరిమితిని ఎంత పెంచినా ఆ పేజీ బాగుపడదు.

రాత్రిపూట క్రాన్‌లో నడిచే స్క్రిప్ట్‌లను విడిగా పరీక్షించాలి. బ్రౌజర్‌లో తెరిస్తే నడిచి, క్రాన్‌లో విఫలమయ్యే స్క్రిప్ట్ ఒకే సర్వర్ మీద రెండు పరిస్థితులను చూస్తోందని అర్థం. డెబియన్, ఉబుంటు సర్వర్లలో సీఎల్‌ఐకి ఒక ఐఎన్‌ఐ ఫైలు, ఎఫ్‌పీఎంకు మరొక ఐఎన్‌ఐ ఫైలు ఉంటాయి. పీహెచ్‌పీ వెర్షనే వేరు కావచ్చు. వెబ్‌లో స్క్రిప్ట్ ఉన్న ఫోల్డరే ప్రస్తుత ఫోల్డర్ అవుతుంది. సీఎల్‌ఐ ఆ పని చేయదు కాబట్టి ./ తోనో ../ తోనో మొదలయ్యే ఇంక్లూడ్‌లు (వేరే ఫైలును కలుపుకునే లైన్లు) ఫైలు దొరకక ఆగిపోతాయి. సైటు ప్రధాన ఫోల్డర్‌ను చెప్పే డాక్యుమెంట్_రూట్ కూడా ఖాళీగా ఉంటుంది. ప్రతి ఇంక్లూడ్‌ను, ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌ను చెప్పే __డిర్__ తో మొదలుపెడితే ఈ రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

ఈ తేడాలన్నిటినీ గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు. నేను చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసి పెట్టుకున్నాను. సాపీ పేరు, పీహెచ్‌పీ వెర్షన్, చదివిన ఐఎన్‌ఐ ఫైలు దారి, ఎక్స్‌టెన్షన్ల జాబితా, పూర్ణాంకం గరిష్ఠ విలువ, టైమ్‌జోన్, డేటాబేస్ ఇచ్చే సమయం, ప్రస్తుత ఫోల్డర్, ఐఎన్‌ఐ_గెట్_ఆల్ ఇచ్చే సెట్టింగులన్నీ లైనుకు ఒకటి చొప్పున, పేర్ల వరుసలో రాసి ఇస్తుంది. దాన్ని ఆఫీసులో ఒకసారి, సర్వర్ వెబ్‌లో ఒకసారి, సర్వర్ క్రాన్‌లో ఒకసారి నడిపి, వచ్చిన మూడు ఫైళ్లను, తేడాలు చూపే డిఫ్ అనే సాధనంతో పోలుస్తాను. తేడా ఉన్న లైన్లే కళ్ల ముందుకు వస్తాయి. వాటిలో ఫిర్యాదుతో సంబంధం ఉన్నవి సాధారణంగా రెండో మూడో ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆఫీసు కాపీలో సర్వర్ విలువకు మార్చి చూస్తే, తప్పు ఆఫీసులోనే కనిపించడం మొదలవుతుంది. అప్పుడు కోడ్‌ను నిశ్చింతగా, నడుస్తున్న వ్యాపారానికి అడ్డం రాకుండా సరిచేయవచ్చు. పని కాగానే ఆ స్క్రిప్ట్‌ను సర్వర్ నుంచి తీసేయాలి, ఎందుకంటే అందులోని వివరాలు దాడి చేయదలచినవారికి కూడా పనికొస్తాయి.

సర్వర్ వైపు మార్పు అవసరమై హోస్టింగ్ వారికి రాయవలసి వస్తే, "సైటు పనిచేయడం లేదు" అని రాయడం వల్ల ప్రయోజనం ఉండదు. పేజీ అడ్రసు, తప్పు జరిగిన సమయం, ఆ సమయం మన లెక్కా యూటీసీ లెక్కా అన్న సంగతి, ఎర్రర్ లాగ్‌లోని లైను యథాతథంగా, పోలికలో తేలిన సెట్టింగు పేరు, దాని ఇప్పటి విలువ, మనకు కావలసిన విలువ రాయాలి. అలా రాసిన ఉత్తరానికి, ముందుగా బ్రౌజర్ క్యాష్ తుడవమన్న జవాబు కాకుండా, ఆ సెట్టింగును చూడగలిగినవారి నుంచి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.